వేసవి ఇంటర్న్‌షిప్: హైదరాబాద్ కంపెనీయా, గుంటూరు బ్రాడీపేట మేడ మీది ఆఫీసా?

మార్చి వచ్చిందంటే జూనియర్ల దగ్గర్నుంచి ఒకటే ఫోను. "అన్నా, హైదరాబాద్‌లో పదిహేను వేలిస్తామంటున్నారు. గుంటూరులో ఐదు వేలే. ఏది మేలు?" ఒక్కొక్కరికీ చెప్పలేక ఇక్కడ ఒకేసారి రాసేస్తున్నా. నేను మాట్లాడేది బీటెక్ మూడో ఏడాది అయ్యాక వచ్చే వేసవి గురించి. జేఎన్టీయూకే (కాకినాడ జేఎన్టీయూ) వాళ్లకు ఎలాగూ తప్పదు కాబట్టి చేయాలా వద్దా అన్న చర్చ అనవసరం.

రెండో ఏడాది వేసవిలో నేను చేసింది చెప్పుకుంటే సిగ్గుచేటు. ఆన్‌లైన్‌లో పదిహేను వందలు కట్టా, వీడియోలు చూశా, బంగారు అంచున్న సర్టిఫికెట్ వచ్చింది. "ఇందులో నువ్వేం చేశావ్?" అని ఇంటర్వ్యూలో అడిగితే ఫ్యాన్ వైపు చూశా. ఎదురు డబ్బు కట్టే ఇంటర్న్‌షిప్‌కు ఇంతకంటే చోటివ్వను.

ఇక అసలు పోటీ. మూడో ఏడాదికి నాకు రెండూ వచ్చాయి. నేను బ్రాడీపేట ఆఫీసులో చేరా, నా రూమ్మేట్ హైదరాబాద్ వెళ్లాడు. డబ్బు సంగతి చూస్తే, మాదాపూర్ హాస్టల్, బయట తిండి, ఆటోలు, శని ఆదివారాలు గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో రాకపోకలు పోను వాడికి నెలకు మూడు వేలు మిగిలేవి. అమ్మ కట్టిన క్యారేజీ, బండిలో పెట్రోలు పోను నాకూ దాదాపు అంతే. పేరు దగ్గర హైదరాబాదే గెలుస్తుంది, అందులో వాదనేం లేదు. పెద్ద కంపెనీ పేరుంటే రెజ్యూమేను ఇంకో అర నిమిషం ఎక్కువ చూస్తారు.

కానీ నా దృష్టిలో తేల్చేది ఇవేవీ కాదు. మనం రాసిన కోడ్‌ను పక్కన కూర్చుని, లైను లైనూ చదివి, తిట్టేవాళ్లు ఉన్నారా లేదా?

మా ఆఫీసులో మొత్తం నలుగురు. మిర్చి యార్డు కమీషన్ ఏజెంట్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు. నా మొదటి పుల్ రిక్వెస్ట్ (రాసిన కోడ్‌ను ప్రాజెక్టులో కలపమని పంపేది) మీద సీనియర్ అక్క పంతొమ్మిది కామెంట్లు పెట్టింది. అందులో ఒకటి ఇప్పటికీ గుర్తు. మిర్చి రకం అనే కాలమ్‌కు నేను ఇంటీజర్ ఇచ్చా, అంటే అందులో అంకెలే పడతాయి.

"ఇదేంటి?"

"334, 341 అన్నీ నంబర్లేగా అక్కా."

"మరి తేజ ఏ నంబరు?"

గుంటూరులో పుట్టి పెరిగినవాణ్ణి, నంబరు కాక పేరుతోనే పిలిచే తేజ రకం సంగతి మర్చిపోయా! యార్డుకు ఎండాకాలం సెలవులివ్వక ముందే ఓ పొద్దున అక్క నన్ను ఓ కొట్టుకు తీసుకెళ్లింది. గుమస్తా ఫోన్ భుజానికి చెవికి మధ్య నొక్కిపెట్టి, టిక్కీల (మిర్చి బస్తాల) బరువులు వింటూ, కుడిచేత్తో నంబర్ల కీలు మాత్రమే కొడుతున్నాడు. మౌస్ మీద దుమ్ము. నేను ముచ్చటపడి చేసిన డ్రాప్‌డౌన్లన్నీ ఆ సాయంత్రమే తీసేసి, ఎంటర్ కొడితే పక్క గడిలోకి వెళ్లేలా మార్చా. తర్వాత ఉద్యోగం ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాలు నడిచింది ఈ కథే.

మా రూమ్మేట్‌కు మొదటి మూడు వారాలు యాక్సెస్సే రాలేదు. ఆ తర్వాత ఎక్సెల్ షీట్ చూసుకుంటూ మాన్యువల్ టెస్టింగ్. రెండు నెలల్లో రిపో (కంపెనీ కోడ్ ఉండే చోటు) ముఖం చూడలేదు. అయితే అదే అంతస్తులో ఇంకో టీమ్‌లో పడ్డ అమ్మాయి రాసిన కోడ్ నెల తిరక్కుండానే లైవ్‌కు వెళ్లింది. కాబట్టి చూడాల్సింది కంపెనీని కాదు, మనం పడే టీమ్‌ను.

చిన్న ఆఫీసులన్నీ మంచివని కూడా అనను. గిట్ (కోడ్‌లో మార్పుల లెక్క ఉంచే టూల్) లేకుండా జిప్ ఫైళ్లు వాట్సాప్‌లో పంపుకునే చోట్లున్నాయి. నా రెండో నెల స్టైపెండ్ దసరాకు వచ్చింది. లెటర్‌హెడ్ మీద లెటర్, లాగ్‌బుక్‌లో సంతకాలు కాలేజీ అడుగుతుందని చేరే రోజే చెప్పి పెట్టుకోండి, లేకపోతే చివర్లో సంతకం కోసం మెట్లెక్కి దిగుతూ ఉంటారు.

చేరేముందు రెండే అడగండి. "నా కోడ్ ఎవరు రివ్యూ చేస్తారు?" అంటే ఒక మనిషి పేరు రావాలి. "అందరం చూస్తాంలే" అంటే దణ్ణం పెట్టి వచ్చేయండి. రెండోది, పాత ఇంటర్న్ ఫోన్ నంబర్. విజయవాడ వాళ్లు కేసరపల్లి మేధా టవర్స్‌లో ప్రయత్నిస్తున్నా ఇదే అడగాలి.

చేరాక లాగ్‌బుక్‌ను ఆఖరి రాత్రి కాపీ కొట్టకండి. రోజూ ఆ రోజు చేసిన తప్పు రెండు లైన్లు రాస్తే ఇంటర్వ్యూకు వేరే నోట్స్ అక్కర్లేదు. క్లయింట్ కోడ్‌ను మాత్రం సొంత గిట్‌హబ్‌లో పెట్టొద్దు.

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు కోడ్ రాయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో మెంటర్ ఉంటారు కాబట్టి నా లెక్క ప్రకారం అది అన్నిటికన్నా మేలు. కానీ చలికాలం నుంచే ఆ ప్రాజెక్టులకు చిన్న చిన్న ప్యాచ్‌లు పంపుతూ ఉండాలి, మార్చిలో నన్నడిగితే లాభం లేదు. ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) ఇంటర్న్‌షిప్ పోర్టల్‌లో వెతుక్కోవచ్చు, ఆరా తీసుకోవాల్సింది మనమే.

8వ సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌కు ఇదే ప్రశ్న అడిగితే మాత్రం నా జవాబు వేరు. అప్పటికి ఉద్యోగం దగ్గరపడుతుంది. పీపీఓ (ఇంటర్న్‌షిప్ మీదే ఇచ్చే ఉద్యోగం ఆఫర్) మాట ఎత్తిన కంపెనీ ఏదైనా ఉంటే గోల్కొండ ఎక్కేయండి. నేనూ అదే చేశా.