హన్నా, అన్నా, అన్నమ్మ, కృప: ఆడపిల్లకు ఏ పేరు మేలు?

నాలుగింటి అర్థం ఒక్కటే. మొదటి మూడూ ఒకే హీబ్రూ పేరుకు రూపాలు, నాలుగోది ఆ అర్థానికి మనకున్న మాట.

హీబ్రూలో ఈ పేరుకు మూడే అక్షరాలు: హేత్, నూన్, హే. హేత్ గొంతు లోతుల్లోంచి వచ్చే హకారం. నూన్‌ను ఒత్తి పలకాలి. చివరి హే పలకదు, ముందున్న ‘ఆ’ ధ్వనికి గుర్తుగా నిలుస్తుంది. తెలుగులో ‘హన్నా’ అని రాస్తే ఈ మూడింటికీ న్యాయం జరిగినట్టే. బైబిల్లో సమూయేలు ప్రవక్త తల్లి పేరు ఇదే. యోహాను, హనన్యా పేర్లలో ఉన్నదీ ఈ ధాతువే. ఆమాటకొస్తే ప్రాచీన కార్తేజ్ నగర సేనాని హానిబాల్ కూడా ఈ ఇంటివాడే: ‘బయలు దేవత కృప చూపాడు’ అని ఆ పేరుకు అర్థం.

గ్రీకులో హకారానికి విడిగా అక్షరం లేక అది ‘అన్నా’ అయింది. లూకా సువార్త 2వ అధ్యాయంలోని ప్రవక్త్రిది ఈ రూపమే. ఐరోపాలో ఎంత అందంగా వినిపించినా తెలుగింట్లో ఇది చిక్కే. దీర్ఘం పెడితే సరిపోతుందనుకుంటారు గానీ, అన్నను మనం పిలిచేదే ‘అన్నా!’ అని. తమ్ముడు అక్కను పేరుపెట్టి పిలిస్తే ఎవరు పలకాలి?

‘అమ్మ’ చేరిస్తే ఆ తంటా లేదు. మరియమ్మ తల్లిగా అన్నమ్మ బైబిల్లో కనిపించదు, 2వ శతాబ్దపు బైబిలేతర రచన నుంచి సంప్రదాయంలోకి వచ్చింది. కతోలికులు జూలై 26న ఆమె పండుగ చేస్తారు. నాయనమ్మ పేరు నిలబెట్టాలనుకుంటే తప్ప నేటి పిల్లకు కాస్త బరువే.

ఇక ఇంగ్లీషు స్పెల్లింగు. హన్నాకు మొదటా చివరా రెండు హెచ్‌లూ ఉంచండి. చివరిది వదిలేస్తే అరబ్బు క్రైస్తవుల్లో యోహానుకు వాడే మగపేరులా కనబడుతుంది. గల్ఫ్‌కు వెళ్లే కుటుంబాలు ఇది గమనించాలి. యూదులు కొందరు సి-హెచ్‌తో మొదలుపెట్టి ఒకే ఎన్ రాస్తారు. మన బడిలో దాన్ని చనా అని, అంటే శనగలని చదువుతారు.

కాబట్టి పేరు మూలరూపంలో ఉండాలంటే హన్నా. వినగానే అర్థం తెలియాలంటే కృప. కాకపోతే కృపలో ‘ర’ తర్వాత మనవాళ్లు యు రాస్తారు, హిందీవాళ్లు ఐ రాస్తారు. జనన ధ్రువపత్రంలో ఏది రాయిస్తే ఆధార్‌లో, పాస్‌పోర్టులో అదే ఉండాలి.