ఉమ్మడి గొర్రె పుచ్చి చస్తుందా? సరిహద్దు ఊళ్ళకు ఏ డబ్బు మేలు

మా అమ్మ పుట్టిల్లు నగరి దగ్గర. నేనుండేది చెన్నైలో, కొరట్టూరులో. తిరుపతి వైపు రైలెక్కితే తిరుత్తణి దాటిన కాసేపటికి రాష్ట్రం మారిపోతుంది. కిటికీలోంచి చూస్తే మాత్రం ఏమీ మారదు. అవే చెరుకు తోటలు, అవే కొండలు, ఊళ్ళలోకి వెళితే అదే మరమగ్గాల చప్పుడు. 1960 ఏప్రిల్ 1 దాకా తిరుత్తణి కూడా చిత్తూరు జిల్లాలోదే. సరిహద్దు తగవులో మధ్యవర్తిగా ఉన్న పటాస్కర్ సిఫార్సుల ప్రకారం అది మద్రాసు రాష్ట్రానికి పోయింది. మా వాళ్ళ పెళ్ళి సంబంధాలు ఆ సంగతి ఇప్పటికీ పట్టించుకోవు.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు మామ ఒక మాట అడిగాడు. అక్కడి అద్దకం నీళ్ళు ఏట్లోకి పోతాయని ఏళ్ళ తరబడి గొడవ. ఆ ఏటి నీళ్ళు కిందికి పారి పూండి జలాశయం చేరతాయి. పూండి నీళ్ళు చెన్నైకి తాగడానికి వస్తాయి. "మీ కుళాయిలోకి వచ్చే నీళ్ళే కదా అల్లుడా, ఇక్కడ శుద్ధి కేంద్రం కట్టేదానికి మీ గవర్నమెంటు సగం ఇయ్యకూడదా?" అన్నాడు. నేను నవ్వేశాను. ఇంటికొచ్చాక మాత్రం ఆ ప్రశ్న వదల్లేదు. ఎందుకు ఇయ్యకూడదు? ఇస్తే ఏ దారిలో ఇవ్వాలి?

ఇలాంటి చోట డబ్బు రావడానికి నాకు తెలిసి మూడు దారులున్నాయి. ఎవరి వైపు వాళ్ళు ఖర్చు పెట్టుకోవడం ఒకటి. ఒక్క పని కోసం రెండు ప్రభుత్వాలు ఒప్పందం రాసుకోవడం రెండోది. ఇద్దరి మధ్యా ఉమ్మడి నిధి పెట్టి, ఇద్దరూ కలిసి అడిగితేనే ఇవ్వడం మూడోది.

మొదటి దారి మనకు బాగా అలవాటైనది. కేంద్రం 1986-87లో పంజాబ్, రాజస్థాన్, గుజరాత్, జమ్మూ కాశ్మీర్ సరిహద్దుల కోసం బోర్డర్ ఏరియా డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. తర్వాత అది 16 రాష్ట్రాలకు పాకింది. 2023లో ఉత్తర సరిహద్దు పల్లెల కోసం 4,800 కోట్లతో వైబ్రెంట్ విలేజెస్ వచ్చింది, అందులో 2,500 కోట్లు రోడ్లకే. ఊళ్ళు ఖాళీ కాకుండా చూడటం వీటి అసలు ఉద్దేశం. చైనాతో కలిసి చెరువు తవ్వుకోమని ఎవరూ అనరు కాబట్టి ఆ పథకాలను తప్పు పట్టేదేమీ లేదు.

తంటా ఏమిటంటే, శత్రువు లేని సరిహద్దులో కూడా మనం అదే పద్ధతిలో నడుస్తున్నాం. ఎవరికి వారే యమునా తీరే. మామ వాళ్ళ ఊరి నుంచి అవతలి ఊరికి పోయే రోడ్డే చూడండి. నా చిన్నప్పుడు ఆంధ్ర వైపు తారు, పొలిమేర దాటగానే గుంతలు. కొన్నాళ్ళకు తమిళనాడు వైపు బ్రహ్మాండంగా వేశారు, ఈలోపు ఇటువైపు తారు లేచిపోయింది. రెండు వైపులా ఒకేసారి బాగున్న సంవత్సరం నాకు గుర్తు లేదు. అయినా ఈ దారికి ఒక సుఖం ఉంది: ఒకటే జీవో, ఒకటే ఆఫీసు, ఒకటే ఆడిట్. వీధి దీపాలకు, బడి గదులకు ఇది చాలు. ఏటికి మాత్రం చాలదు. పైన ఖర్చు పెట్టేవాడొకడు, కింద లాభం పొందేవాడొకడు అయినప్పుడు పైవాడికి తొందరేముంటుంది?

ఇక ఒప్పందాల సంగతి. దీనికి చెన్నైవాళ్ళకు తెలుగు గంగను మించిన ఉదాహరణ అక్కర్లేదు. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తమ కృష్ణా నీళ్ళలోంచి తలా 5 టీఎంసీలు మద్రాసుకు వదులుతామన్నాయి. ఆవిరైపోయేది తీసేసి 12 టీఎంసీలు సరిహద్దులో అప్పజెప్పాలని 1983లో ఆంధ్ర, తమిళనాడు రాసుకున్నాయి. ఎన్టీఆర్, ఎంజీఆర్ ఇద్దరూ ముఖ్యమంత్రులుగా ఉన్న రోజులవి. ఆ 12లో జూలై నుంచి అక్టోబరు దాకా 8, జనవరి నుంచి ఏప్రిల్ దాకా 4. కండలేరు జలాశయం నుంచి 152 కిలోమీటర్లు కాలువ ఆంధ్రలో నడిచి ఊత్తుకోట దగ్గర జీరో పాయింటు చేరుతుంది. అక్కడ కొలిచి పూండికి వదులుతారు. ఆంధ్ర నేల మీద తవ్విన ఈ కాలువ ఖర్చులో తమిళనాడు వాటా భరించింది. కాబట్టి పక్క రాష్ట్రంలో మన డబ్బు ఎలా ఖర్చు పెడతాం అనే మాట చెల్లదు. ప్రజా ప్రయోజనం కోసం గ్రాంటు ఇవ్వడానికి రాజ్యాంగంలో 282వ అధికరణం ఉండనే ఉంది.

కానీ సంతకాలైన 13 ఏళ్ళకు, 1996లో గానీ నీళ్ళు పూండి చేరలేదు. చేరాక కాలువ గట్లు నిలవలేదు, దారిలోనే నీళ్ళు ఇంకిపోయేవి. చివరికి ఆ కాలువకు లైనింగు చేయించింది రెండు ప్రభుత్వాలూ కావు. 2002లో పుట్టపర్తి సత్యసాయిబాబా పూనుకుంటే ఆయన ట్రస్టు డబ్బుతో 2004కి పూర్తయింది. రెండు రాష్ట్రాల మధ్య కాలువకు మూడోవాడు మరమ్మతు చేయించడం ఎంత చిత్రమో చూడండి. మెయింటెనెన్స్ అనేది ఎవరి సొంత పనీ కాకపోతే అంతే.

2019 ఎండాకాలం నాకు బాగా గుర్తు. మా అపార్ట్‌మెంట్‌కు ట్యాంకరు రావాలంటే రోజుల ముందు చెప్పుకోవాలి, వచ్చాక బకెట్ల లెక్క. చెన్నై జలాశయాలు ఎండిపోయాయి. ఆ ఆగస్టులో తమిళనాడు మంత్రులు అమరావతి వైపు వెళ్ళి ముఖ్యమంత్రిని కలిసి నీళ్ళు అడిగారు. కాగితం మీద హక్కు ఉన్నవాడు వెళ్ళి అడగవలసి రావడం ఒప్పందాల అసలు బలహీనత. పై రిజర్వాయర్లు నిండితే ఒప్పందం నడుస్తుంది, లేకపోతే సిఫార్సు నడుస్తుంది. అలాగని తీసిపారేయలేం. ఆ కాలువే లేకపోతే అడగడానికి కూడా ఏమీ ఉండేది కాదు.

మూడో దారి కోసం యూరప్ దాకా పోవాలి. అక్కడ 1958లోనే జర్మనీ, నెదర్లాండ్స్ సరిహద్దులో గ్రోనావ్ పట్టణం చుట్టుపక్కల మునిసిపాలిటీలు కలిసి యూరెజియో అని ఒక సంఘం పెట్టుకున్నాయి. యుద్ధం ముగిసి 13 ఏళ్ళే. పెద్ద పెద్ద నాయకులు కాదు, మన పురపాలక చైర్మన్ల లాంటివాళ్ళు చేసిన పని అది. 1990లో యూరోపియన్ సంఘం ఇంటర్‌రెగ్ అనే నిధి మొదలుపెట్టాక ఇలాంటి వాటికి నిలకడగా డబ్బు దొరికింది. ఇప్పుడు నడుస్తున్న 2021-27 విడతలో అది సుమారు 1,000 కోట్ల యూరోలు.

నన్ను ఆకట్టుకున్నది ఆ అంకె కాదు, షరతు. ఒక ఊరు ఒంటరిగా అడిగితే పైసా రాదు. కనీసం రెండు దేశాల నుంచి భాగస్వాములు ఉండాలి. ప్రాజెక్టు కలిసి రాయాలి, కలిసి చేయాలి. సిబ్బందినో డబ్బునో, కుదిరితే రెండూనో కలిపి పెట్టాలి. ఖర్చులో 80 శాతం దాకా నిధి ఇస్తుంది, మిగతాది వీళ్ళు తెచ్చుకోవాలి. ఎంపిక చేసే కమిటీలో రెండు వైపులవాళ్ళూ కూర్చుంటారు. అంటే, పక్కింటివాడితో మాట్లాడకపోతే నష్టం వచ్చేలా దీన్ని తయారుచేశారు. మొదటి పద్ధతిలో మాట్లాడకపోతే నష్టమేమీ లేదు. అసలు తేడా అక్కడే ఉంది.

దీనితో ఏం సాధించారని అడిగితే నేను పైరనీస్ కొండల్లోని సెర్దాన్యా గురించి చెబుతాను. 1659 నాటి సంధి ఆ లోయను ఫ్రాన్స్‌కూ స్పెయిన్‌కూ పంచింది. అక్కడి జనం సుమారు 30 వేలు. అంతమందికి రెండు ఆసుపత్రులు దండగ, ఒకటైనా లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఫ్రాన్స్ వైపువాళ్ళు పెద్దాసుపత్రికి పోవాలంటే కొండ దిగి పెర్పిన్యాన్ దాకా సుమారు 100 కిలోమీటర్లు. అందుకని స్పెయిన్ వైపు పుయిచ్‌సెర్దాలో ఇద్దరికీ కలిపి ఒకే ఆసుపత్రి కట్టారు. 2014లో తెరిచారు. కట్టడానికి అయిన ఖర్చులో పెద్ద భాగం యూరోపియన్ నిధిది. నడిపే ఖర్చు కాటలోనియా 60, ఫ్రాన్స్ 40 శాతం. అక్కడ పుట్టిన ఫ్రెంచి బిడ్డల జననం ఎక్కడ నమోదు చేయాలి, చనిపోయినవాళ్ళను సరిహద్దు ఎలా దాటించాలి అనే చిక్కులు కూడా తెగ్గొట్టుకోవలసి వచ్చింది. ఇవి ఏ అంచనాలోనూ రాని విషయాలు. ఉమ్మడిగా ఒక తలుపు తెరిస్తేనే బయటపడతాయి.

తెలుగు గంగతో పోలిస్తే నాకు కనబడే తేడా ఇది: ఆసుపత్రిని నడపడానికి రెండు వైపులవాళ్ళతో చట్టబద్ధమైన ఒక సంస్థ ఉంది. గోడ బీటలు వారితే ఎవరిని అడగాలో తెలుసు. ఊత్తుకోట కాలువ గట్టు తెగితే? ఉత్తరాలు.

అంతా బాగుందని కాదు. మన పెద్దలు ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్నారు, ఊరికే అనలేదు. ఇంటర్‌రెగ్‌లో డబ్బు సాధారణంగా ముందు ఇవ్వరు. ముందు మీరు ఖర్చు పెట్టాలి, లెక్కలు తనిఖీ కావాలి, తర్వాత తిరిగి వస్తుంది. మన దగ్గర ఇచ్చిన డబ్బు ఖర్చయిందని చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ కోసం తిరిగినవాళ్ళకు ఆ టెన్షన్ చెప్పక్కర్లేదు. ఊరి చేనేత సంఘం అంత కాలం ఎక్కడ అప్పు తెస్తుంది? కాబట్టి కాగితాలు రాయడం వచ్చిన పెద్ద నగరాలు, యూనివర్సిటీలే లాభపడతాయి. ఈ నొప్పి వాళ్ళకూ తెలిసినట్టుంది. చిన్న ప్రాజెక్టుల కోసం విడిగా ఒక నిధి పెట్టుకోవచ్చన్నారు, లక్ష యూరోలు మించని పనులకు ప్రతి బిల్లూ చూపించకుండా ముందే ఒప్పుకున్న లెక్కన ఇచ్చే పద్ధతి తెచ్చారు. రాజకీయం మారితే కూలిపోతుందా అంటే, ఐర్లాండ్ సరిహద్దులో శాంతి కోసం యూరోపియన్ నిధితో 1995 నుంచి నడుస్తున్న పీస్ కార్యక్రమం బ్రిటన్ యూరోపియన్ యూనియన్ వదిలి పోయాక కూడా ఆగలేదు. ఈ మాత్రం గట్టిదనం మన ఒప్పందాల్లో నేను చూడలేదు.

సరిహద్దు పక్కనే ఆంధ్ర వైపున్న పారిశ్రామికవాడ శ్రీసిటీ లాంటివి వస్తే ఇవేవీ అక్కర్లేదంటాడు మా తమ్ముడు. తమిళనాడు వైపు గుమ్మిడిపూండి నుంచి జనం రోజూ పొలిమేర దాటి అక్కడికి పనికి వెళుతున్న మాట నిజమే. ఉద్యోగాలు తమ దారి తామే వెతుక్కుంటాయి. మురుగునీరు కూడా తన దారి తాను వెతుక్కుంటుంది, బాధ అదే.

ఇదంతా యూరప్ కథ, మన దగ్గర కుదరదు అనేవాళ్ళకు తుంగభద్ర బోర్డు చూపిస్తాను. డ్యాము కర్ణాటకలో ఉంది, నీళ్ళు ఆంధ్రకూ కావాలి. 1953 నాటి ఆంధ్ర రాష్ట్ర చట్టం కింద ఏర్పడిన ఆ ఉమ్మడి బోర్డు ఇప్పటికీ పనిచేస్తోంది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు గేటు ఎవరిదని కూర్చోలేదు. ఉరకలేసే నీటిలోనే వారం తిరిగేలోపు గేటుకు బదులు నీటిని ఆపే స్టాప్‌లాగ్ దించారు. దానికి ముందు అన్నేళ్ళు ఆ గేట్లు ఎందుకు మార్చలేదన్నది వేరే సంగతి, అది ఉమ్మడి గొర్రె సామెత వైపు పోతుంది.

ఇప్పుడు మామ ప్రశ్నకు నా లెక్క చెబుతాను. వాటా నీళ్ళ లాంటి పెద్ద విషయానికి ఒప్పందమే కావాలి, దాన్ని జిల్లా స్థాయి నిధితో నడపలేం. రోడ్డుకు, దీపాలకు ఎవరి డబ్బు వాళ్ళదే చాలు, కాకపోతే రెండు వైపులా ఒకే ఏడాది వేస్తే బాగుండు. అద్దకం నీళ్ళ శుద్ధి, పులికాట్‌లో రెండు రాష్ట్రాల జాలర్ల మధ్య వేట హద్దులు, పాలారు మీద చెక్‌డ్యాముల లెక్కలు, ఇలాంటివాటికి మాత్రం మూడో దారే మేలు. దక్షిణాది రాష్ట్రాలకు ఒక జోనల్ కౌన్సిల్ ఉంది, 1956 చట్టం కింద ఏర్పడింది. అది మాట్లాడుకోవడానికే గానీ దాని చేతిలో ఇలా పంచే డబ్బు లేదు. నా చేతిలో ఉంటే రెండు పక్క జిల్లాలకు కలిపి చిన్న మొత్తం పెడతాను. ఇద్దరూ సంతకం పెడితేనే ఇస్తాను. సగం మాత్రం ముందే ఇస్తాను. ఈ ఒక్క మార్పూ లేకపోతే ఇంటర్‌రెగ్ మన ఊళ్ళకు పనికిరాదని నా గట్టి నమ్మకం.

ఇదంతా మొన్న ఫోన్లో మామకు వివరించాను. భాగస్వాముల్లో ఒకరు ముందుండాలనీ, వాళ్ళను లీడ్ పార్ట్‌నర్ అంటారనీ, డబ్బు వాళ్ళ ద్వారానే మిగతావాళ్ళకు పోతుందనీ, లెక్క తేడా వస్తే జవాబు చెప్పుకోవాల్సింది కూడా వాళ్ళేననీ చెప్పాను. అంతా ఓపిగ్గా విన్నాడు.

"సరే అల్లుడా, ఆ ముందుండేది మనమా, వాళ్ళా?" అన్నాడు.