ఒక్కసారి చూసే సినిమాకి డిస్క్ ఎందుకు? ఏళ్ల తరబడి హారర్ డిస్కులు కొన్నాక నా సమీక్ష

హారర్ డిస్కులు పోగేసేవాళ్లలో రెండు రకాలున్నారు. మొదటి రకం వాళ్లు పాత కల్ట్ సినిమాలు కొంటారు. ఇటాలియన్ జాంబీలు, ముసుగు హంతకులు, తక్కువ ఖర్చుతో తీసిన దెయ్యాల కథలు అన్నమాట. వాటిని పదేపదే చూస్తారు, డైలాగులు కూడా అప్పజెప్తారు. రెండో రకం వాళ్లు ఇంకాస్త చీకటి మూలకి వెళ్తారు. థియేటర్ మొహం చూడనివి, చేతి కెమెరాతో నలుగురైదుగురు స్నేహితులు కలిసి తీసినవి, హింస తప్ప కథంటూ పెద్దగా లేనివి కొంటారు. నేను మొదటి రకంగా మొదలై మెల్లగా రెండో రకంలోకి జారాను. ఈ సమీక్ష ఏ ఒక్క సినిమా మీదా కాదు. ఇలాంటి సినిమాలు డిస్కు మీద కొనుక్కుని దాచుకోవడం అనే అలవాటు మీద.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఎక్స్‌ట్రీమ్ హారర్‌లో, అంటే పైన చెప్పిన రెండో రకం సినిమాల్లో, చాలా భాగం నేను రెండోసారి చూడలేదు, చూడాలనీ లేదు. మొదటి ఇరవై నిమిషాలు ఒళ్లు జలదరిస్తుంది. ఆ తర్వాత మనసు మొద్దుబారిపోతుంది. చివరి అరగంటలో గడియారం వైపు చూడటమే మిగులుతుంది. హింస ఎంత పెంచితే అంత భయం పుడుతుందని నమ్మే దర్శకులు ఈ రంగంలో మరీ ఎక్కువ. మరి ఒక్కసారి చూసి పక్కన పెట్టే సినిమాకి అంత డబ్బు పోసి డిస్క్ ఎందుకూ అంటే, నా జవాబు ఒకటే. నేను మళ్లీ మళ్లీ పెట్టుకునేది సినిమా కాదు, దాంతో పాటు వచ్చే సరుకు. మేకింగ్ వీడియో, సినిమా నడుస్తుండగా వినిపించే దర్శకుడి కామెంటరీ, మేకప్ చేసినవాళ్ల ఇంటర్వ్యూలు, పాత ట్రైలర్లు, లోపల పెట్టే చిన్న పుస్తకం. మామూలు సినిమాకి ఇవి అదనం. ఈ సినిమాలకి మాత్రం సగం అర్థం వాటిలోనే ఉంటుంది.

జపాన్‌లో 1985లో వీడియో మార్కెట్ కోసం మొదలైన 'గినీ పిగ్' సిరీస్ తీసుకోండి. అందులో రెండోది 'ఫ్లవర్ ఆఫ్ ఫ్లెష్ అండ్ బ్లడ్'. తీసింది హారర్ మాంగా (జపాన్ కామిక్స్) బొమ్మలు గీసే హిదేషీ హినో. గంట కూడా లేని ఈ వీడియోలో కథ అనదగ్గది ఏమీ లేదు. ఒక మనిషి ఇంకో మనిషిని ముక్కలు చేయడమే మొత్తం వ్యవహారం. 1991లో హాలీవుడ్ నటుడు చార్లీ షీన్ దీన్ని చూసి నిజంగా జరిగిన హత్యే అనుకుని ఎఫ్‌బీఐకి కబురు పెట్టాడు. అది ఎంత నమ్మకంగా తీశారో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కృత్రిమ అవయవాలు ఎలా తయారు చేశారో చూపించే మేకింగ్ వీడియో దీనికి విడిగా ఉంది. నన్నడిగితే అసలు వీడియో కంటే మేకింగే గొప్పగా ఉంది. అసలుది ఒకసారి చాలు. మేకింగ్ మాత్రం మేకప్ పని మీద ఆసక్తి ఉన్న ఎవరికైనా పాఠంలా పనికొస్తుంది. ఎవరో ఎక్కించిన కాపీని ఇంటర్నెట్‌లో చూస్తే ముక్కలు చేయడం ఒక్కటే దొరుకుతుంది. రెండూ పక్కపక్కన దొరికేది డిస్కులోనే.

దీనికి తిరగేసిన కథ రుజెరో దెయొదాటో అనే ఇటాలియన్ దర్శకుడు తీసిన 'కానిబల్ హోలోకాస్ట్' (1980). నటుల్ని నిజంగా చంపేశాడన్న అనుమానంతో ఇటలీలో కేసు పెట్టారు. వాళ్లు బతికే ఉన్నారని ఆయన నిరూపించుకోవాల్సి వచ్చింది. మనుషుల చావులన్నీ నటన. జంతువుల చావులు మాత్రం నిజం, కెమెరా ముందే చంపారు. ఈ సినిమా డిస్కులు కొన్నింటిలో జంతువుల హింస తీసేసిన వెర్షన్ కూడా ఇస్తారు. నేను మొహమాటం లేకుండా ఆ వెర్షనే పెట్టుకుంటాను. 'అన్‌కట్ (ఏ ముక్కా కోయనిది) కాకపోతే సినిమానే కాదు' అని కొట్లాడే మిత్రులు నాకూ ఉన్నారు. సినిమా కోసం ఒక తాబేలుని చంపడం నాకు కళగా కనిపించదు, అంతే. బ్రిటన్ సెన్సార్ బోర్డు 2011లో దాదాపు 15 సెకన్లు మాత్రమే తీసేసి ఈ సినిమాని వదిలింది. ఆ 15 సెకన్లూ ఒక జంతువుని చంపే ముక్కే.

బ్రిటన్ పేరు ఎత్తాక దాని గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ సేకరణ పిచ్చికి పునాది పడిందే అక్కడ. 1980ల మొదట్లో ఇంటింటికీ వీడియో టేపులు రావడంతో పత్రికలు 'వీడియో నాస్టీలు' (రోత వీడియోలు) అంటూ గగ్గోలు పెట్టాయి. ప్రాసిక్యూషన్ అధికారులు కేసు పెట్టదగ్గ సినిమాల జాబితాలు తయారు చేశారు. అన్నీ కలిపి లెక్కేస్తే ఆ జాబితాల్లోకి ఎక్కిన సినిమాలు 72. కోర్టుల్లో దోషులుగా తేలినవి 39. 1984లో వీడియోలకి కూడా సెన్సార్ తప్పనిసరి చేస్తూ వీడియో రికార్డింగ్స్ చట్టం వచ్చింది. తమాషా ఏమిటంటే, ఆ చట్టం గురించి యూరోపియన్ కమిషన్‌కి తెలపాల్సిన లాంఛనం అప్పట్లో ఎవరూ పూర్తి చేయలేదని 2009లో బయటపడింది. పాతికేళ్లు జనాన్ని జైలుకి పంపిన చట్టం చెల్లదని తేలింది! 2010లో అదే చట్టాన్ని మళ్లీ పాస్ చేసుకున్నారు. నిషేధించడం వల్ల జరిగిందల్లా ఆ జాబితా కొనాల్సిన వస్తువుల పట్టీగా మారడం. నిజం చెప్పాలంటే ఆ 72లో సగానికి పైగా నిద్రపుచ్చే సినిమాలే. నిషేధం పుణ్యమా అని బతికిపోయాయి.

ఇక డిస్కు నాణ్యత. ఇక్కడ కొత్తవాళ్లు ఎక్కువగా మోసపోయేది '4కె' (చాలా ఎక్కువ స్పష్టత ఉన్న బొమ్మ) అనే ముద్ర చూసి. సినిమా దేని మీద తీశారన్నది మొదటి ప్రశ్న. థియేటర్ సినిమాలకి వాడే వెడల్పాటి 35 ఎం.ఎం. ఫిల్మ్ నెగటివ్ దొరికితే 4కె స్కాన్ చూసి తీరాల్సిందే. పాత టేపులో నల్లటి మురికిలా కనిపించిన చోట గోడ మీద పెచ్చులు కూడా కనిపిస్తాయి. 'ఈవిల్ డెడ్' (1981) లాంటివి అంతకంటే సన్నటి 16 ఎం.ఎం. ఫిల్మ్ మీద తీశారు. జర్మనీకి చెందిన యోర్గ్ బుట్‌గెరైట్ 'నెక్రోమాంటిక్' (1987)ని ఇంకా సన్నటి సూపర్ 8 ఫిల్మ్ మీద తీశాడు. వీటిలో తెర నిండా ఇసుక చల్లినట్టు గ్రెయిన్ (ఫిల్మ్‌లో సహజంగా కనిపించే సన్నటి చుక్కలు) ఉంటుంది, ఉండాలి కూడా. ఆ గ్రెయిన్‌ని కంప్యూటర్‌తో తుడిచేసి మనుషుల మొహాలు మైనం బొమ్మల్లా చేసిన డిస్కులు నా దగ్గరున్నాయి. పక్కన పాత డీవీడీ పెట్టి చూస్తే అదే నయమనిపించింది.

కామ్‌కార్డర్ మీద తీసిన సినిమాల సంగతి వేరు. అసలు టేపులోనే ఉన్నది దేశాన్ని బట్టి 480 లేదా 576 గీతల వీడియో. దాన్ని ఎంత సాగదీసినా కొత్త వివరం పుట్టుకురాదు. పైగా కొందరు దర్శకులు దొంగచాటుగా దొరికిన టేపులా కనిపించాలని కావాలనే బొమ్మని పాడు చేస్తారు. అలాంటప్పుడు బ్లూరే అవసరమేమిటని అడగొచ్చు. ఉంది. డీవీడీలో చోటు తక్కువ, రెండు పొరలున్నదైనా 8.5 జీబీ. కదలికలు, చీకటి ఉన్నచోట బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతుంది. బ్లూరేలో 25 నుంచి 50 జీబీ దాకా ఉంటుంది కాబట్టి అదే టేపుని విరగకుండా ఎక్కించొచ్చు, ఎక్స్‌ట్రాలన్నీ ఒకే డిస్కులో పట్టేస్తాయి. నాకు నచ్చిన పద్ధతి అదే: ఉన్నది ఉన్నట్టు, సాగదీయకుండా, డిస్కు నిండా ఎక్స్‌ట్రాలు.

నిడివి విషయంలో ఒక చిక్కుంది. అట్ట మీద 100 నిమిషాలని ఒక ఎడిషన్, 96 నిమిషాలని ఇంకోటి ఉంటే వెంటనే 'నాలుగు నిమిషాలు కోసేశారు' అనుకుంటాం. అన్నిసార్లూ అది నిజం కాదు. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. యూరప్‌లో వాడే పాల్ (PAL) అనే టీవీ పద్ధతిలో చేసిన డీవీడీ 25 ఫ్రేముల చొప్పున నడుస్తుంది, అందుకే నాలుగు శాతం తొందరగా అయిపోతుంది. గొంతులు కూడా కాస్త సన్నబడతాయి. ఒక్క ఫ్రేము కూడా పోదు. నిజంగా కట్ అయిందో లేదో తెలియాలంటే బ్లూరే నిడివి, లేదా ఒకే పద్ధతిలో చేసిన రెండు డిస్కుల నిడివి పోల్చుకోవాలి. ఇంకో వింత, అన్‌కట్ అంటూ కొన్నప్పుడు మధ్యలో బొమ్మ ఒక్కసారిగా మసకబారి మళ్లీ తేటపడుతుంది. సెన్సార్ తీసేసిన ముక్క నెగటివ్‌లో దొరక్క పాత వీడియో టేపు నుంచి అతికించారన్నమాట. మొదట్లో చిరాకు పడేవాణ్ణి. ఇప్పుడు అదే బాగుంటుంది, సెన్సార్ కత్తెర సరిగ్గా ఎక్కడ పడిందో కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది.

ఇటాలియన్ సినిమాలు కొనేవాళ్లు సబ్‌టైటిల్స్ చూసుకోవాలి. ఆ రోజుల్లో అక్కడ మాటలన్నీ తర్వాత డబ్బింగ్ చెప్పేవాళ్లు కాబట్టి ఇంగ్లిష్ ట్రాకూ, ఇటాలియన్ ట్రాకూ రెండూ డబ్బింగే. ఏది అసలుదన్న గొడవ అనవసరం. కానీ ఇటాలియన్ మాటలు వినిపిస్తుంటే కింద ఇంగ్లిష్ డబ్బింగ్ మాటల్నే సబ్‌టైటిల్‌గా వేసేస్తే ఒళ్లు మండుతుంది. పాత్ర నాలుగు వాక్యాలు మాట్లాడితే కింద ఒక్క ముక్క. రెండు ట్రాకులకీ విడివిడిగా సబ్‌టైటిల్స్ ఇచ్చే సంస్థని నేను కళ్లు మూసుకుని నమ్ముతాను.

నన్ను ఎక్కువ బాధపెట్టింది రాసిన డిస్కుల వ్యవహారం. అండర్‌గ్రౌండ్ సినిమాలు కొన్ని వందల కాపీలే అమ్ముడవుతాయి కాబట్టి చిన్న సంస్థలు ఫ్యాక్టరీలో ముద్రించకుండా కంప్యూటర్‌లో రాసి పంపేస్తాయి. ముద్రించిన డీవీడీ అడుగుభాగం వెండిలా మెరుస్తుంది. రాసినదైతే ఊదా రంగు ఛాయ ఉంటుంది. ముద్రించినదాంట్లో సమాచారం ప్లాస్టిక్‌లో గుంతలుగా పడుతుంది. రాసినదాంట్లో రంగు పొర మీద లేజర్ మచ్చలుగా పడుతుంది. ఎండకీ వేడికీ ఆ రంగు మారిపోతుంది. ఒక చిన్న సంస్థ దగ్గర కొన్న డిస్కు కొన్నేళ్లకే మధ్యలో ఆగిపోయింది. వాళ్లకి ఉత్తరం రాస్తే, సంస్థ మూసేశామని జవాబు. అందుకే ఇప్పుడు అట్ట మీద చిన్న అక్షరాలు కూడా చదువుతాను. సినిమా ఇంకెక్కడా దొరకదంటే రాసినదైనా కొంటాను, కొన్నరోజే కంప్యూటర్‌లోకి కాపీ తీసి పెట్టుకుంటాను.

ముద్రించినవి కూడా శాశ్వతం కాదు. డీవీడీ అంటే సగం మిల్లీమీటరుకి కాస్త పైన మందం ఉన్న రెండు పలకలు జిగురుతో అతికించినది. ఆ జిగురు చెడినా, లోపల అల్యూమినియం పొరకి గాలి తగిలినా మచ్చలు మొదలవుతాయి. డిస్కుని దీపానికి అడ్డం పెట్టి చూస్తే సూదిమొనంత రంధ్రాలు కనిపిస్తాయి. చల్లటి, పొడి చోట నిలువుగా నిలబెట్టి ఉంచడం తప్ప చేయగలిగింది తక్కువ.

ప్లేయర్ గురించి క్లుప్తంగా. బ్లూరేకి మూడు రీజియన్లు, ఒక రీజియన్ డిస్కు ఇంకో రీజియన్ ప్లేయర్‌లో ఆడకపోవచ్చు. అమెరికా, జపాన్ ఏ. యూరప్, ఆస్ట్రేలియా బి. భారత్, చైనా, రష్యా సి. 4కె డిస్కులకి రీజియన్ గొడవ లేదు, కానీ పెట్టెలో తోడుగా వచ్చే బ్లూరేకి ఉండొచ్చు. ఎక్స్‌ట్రాలు సాధారణంగా ఆ బ్లూరేలోనే పెడతారు! అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ కొనకుండా ఈ సేకరణ మొదలుపెట్టకండి. కొన్ని దేశాల్లో నిషేధించిన సినిమా డిస్కు కస్టమ్స్ దగ్గరే పోతుంది. జర్మనీలో కోర్టు ఉత్తర్వుతో జప్తు చేసిన సినిమాలున్నాయి, అందుకే జర్మన్ భాషలో అన్‌కట్ ఎడిషన్లు ఎక్కువగా ఆస్ట్రియా నుంచి వస్తుంటాయి. మీ దగ్గర చట్టం ఏం చెప్తుందో చూసుకుని ఆర్డర్ పెట్టండి.

ఇక లిమిటెడ్ ఎడిషన్ల జాతర. అట్ట చుట్టూ ఇంకో అట్ట, దాని మీద అంకె, 'ఇన్ని కాపీలే' అన్న బెదిరింపు. అర్ధరాత్రి అలారం పెట్టుకుని కొనడం, పది నిమిషాల్లో అయిపోయిందని టెన్షన్ పడటం, మర్నాడు అదే డిస్కు మూడు రెట్ల ధరకి ఇంకెవరో అమ్మకానికి పెట్టడం. ఆర్నెల్లాగితే అదే డిస్కు మామూలు అట్టతో సగం ధరకి వస్తుందని తెలిసీ జనం ఆగరు. పెట్టె విప్పకుండా దాచేవాళ్లని చూస్తే జాలేస్తుంది. లోపలి కామెంటరీ వినకుండా ఈ సినిమాల్లో కొన్నది ఏమిటి? బొమ్మల మాటకొస్తే, తిప్పి వేసుకోగలిగే అట్టలు మాత్రం చాలా ఉపయోగం. రెండో వైపు కాస్త మర్యాదగా ఉంటే ఇంట్లో పిల్లలు తిరిగే గదిలో ఆ వైపే బయటికి పెట్టుకోవచ్చు. నిజంగా దారుణమైనవి తాళం ఉన్న అల్మారాలోనే ఉండాలి.

ఎక్స్‌ట్రాలకి గడువు ఉందన్నది నాకు ఆలస్యంగా తట్టింది. ఇటాలియన్ హారర్‌లో పెద్ద పేరైన లూచియో ఫుల్చీ 1996 మార్చిలో పోయాడు. డీవీడీ అమ్మకానికి వచ్చింది ఆ ఏడాది చివర్లో. అందుకే ఆయన సినిమాల డిస్కుల్లో మాట్లాడేది ఎక్కువగా నటులు, కెమెరామన్లు, మేకప్ వాళ్లు. 'కానిబల్ హోలోకాస్ట్' తీసిన దెయొదాటో 2022 డిసెంబర్‌లో పోయాడు, ఆయన మాత్రం తన సినిమాల గురించి డిస్కుల్లో కావలసినంత మాట్లాడి వెళ్లాడు, జంతువుల సంగతి అడిగినా తప్పించుకోలేదు. ఈమధ్య షెల్ఫ్‌లో చోటు చాలక కొన్ని వదిలించుకున్నాను. ముందు పోయినవి మెరిసే ఇనప పెట్టెల్లో ఉత్త సినిమా మాత్రమే ఉన్నవి. సినిమా చెత్తదైనా, తీసినవాళ్లు కూర్చుని రెండు గంటలు నిజాయితీగా మాట్లాడిన డిస్కు ఒక్కటీ ఇవ్వలేదు.