గర్భసంచిలోని అతుకులకు మార్కులు వేసి ఇచ్చిన హిస్టెరోస్కోపీ కేంద్రం: నా సమీక్ష

గర్భస్రావం తర్వాత చేసిన డీ అండ్ సీ (గర్భసంచి లోపలి పొరను గీకి శుభ్రం చేయడం) వల్ల నా గర్భసంచిలో అతుకులు ఏర్పడి, అంటే లోపలి గోడలు అక్కడక్కడా అంటుకుపోయి, నెలసరి బాగా తగ్గిపోయింది. మొదట వెళ్ళిన చోట హిస్టెరోస్కోపీ (గర్భసంచి లోపలికి సన్నని కెమెరా పంపి చూసే పరీక్ష) చేసి, రిపోర్టులో ‘అతుకులు ఉన్నాయి’ అని రాశారే తప్ప, అవి ఎంత మేర ఉన్నాయో, పలచనివో గట్టివో రాయలేదు. ఆ కాగితంతో చికిత్స సంగతి తేల్చలేమని చెప్పడంతో మరో కేంద్రంలో మళ్ళీ చేయించుకోవలసి వచ్చింది. ఈ సమీక్ష ఆ రెండో కేంద్రం గురించి.

ఇక్కడ 1988 నాటి అమెరికన్ ఫెర్టిలిటీ సొసైటీ పట్టిక ప్రకారం అతుకుల తీవ్రతకు మార్కులు వేశారు. అతుకులు లోపలి ఖాళీలో మూడో వంతుకు పైగా, మూడింట రెండు వంతులకు లోపుగా ఉన్నందుకు 2, పలచనివీ గట్టివీ కలిసి ఉన్నందుకు 2, నెలసరి తగ్గినందుకు 2, మొత్తం 6 వచ్చాయి. 4 వరకు మొదటి దశ, 5 నుంచి 8 వరకు రెండో దశ, 9 నుంచి 12 వరకు మూడో దశ కనుక నాది రెండో దశ అని తేలింది. కెమెరాకు కనిపించేదానితో పాటు నేను చెప్పిన నెలసరి వివరానికీ లెక్కలో చోటుండటం నాకెంతో ఊరటనిచ్చింది.

డాక్టరుగారు వీడియో ఆపి మరీ చూపించారు. ఒక మూలన సాలెగూడులాంటి పొర పరికరం మొన తగలగానే చిరిగిపోయింది. దాని పక్కనే ముందు గోడనూ వెనుక గోడనూ పట్టి ఉంచిన తెల్లని కట్టు మాత్రం కదలలేదు. ‘‘తేడా ఇదేనమ్మా, దీన్ని కత్తిరించాల్సిందే’’ అన్నారు.

లోపమూ ఒకటుంది. అండాన్ని గర్భసంచికి చేర్చే ఫెలోపియన్ నాళాల ద్వారాలు తెరుచుకుని ఉన్నాయో లేదో ఆ మార్కుల్లో తెలియదు. 1978లో మార్చ్ అనే వైద్యుడు చేసిన వర్గీకరణ దానినీ పరిగణిస్తుంది. బిడ్డ కావాలనుకునే మనిషికి అది ముఖ్యమైన సంగతే అయినా, నేను అడిగాకే బొమ్మ గీసి, కుడివైపు ద్వారం తెరిచి ఉందని, ఎడమవైపుది సగం మూసుకుపోయిందని రాసిచ్చారు.

అతుకులు కత్తిరించి, అవి మళ్ళీ కలవకుండా కొద్ది రోజులు బెలూన్ ఉంచి, ఈస్ట్రోజన్ మాత్రలు ఇచ్చారు. తర్వాతి పరీక్షలో విస్తీర్ణానికి 1, రకానికి 1, మామూలుగా వస్తున్న నెలసరికి 0 చొప్పున 2 మార్కులే వచ్చాయి. ద్వారాల సంగతి మాత్రం ఆ రిపోర్టులోనూ అడిగి రాయించుకోవలసి వచ్చింది.