మఫుల్ ఫర్నేస్‌తో నాలుగేళ్లు: గాజు మీద బంగారు నానో కణాల కథా కమామిషు

బెంగళూరులో యశ్వంతపూర్ దగ్గర ఒక చిన్న ల్యాబ్‌లో పని చేస్తాను. నాలుగేళ్లుగా నా పని దాదాపు ఒకటే. గాజు స్లైడ్ మీద కొన్ని నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటర్లో పది లక్షో వంతు) మందాన బంగారమో వెండో పూయడం, దాన్ని ఫర్నేస్‌లో పెట్టి కాల్చడం, పొర తెగి గుళికలుగా మారాక రంగు కొలవడం. సెన్సర్లు చేసేవాళ్లకి ఈ స్లైడ్లు ఇస్తాం. ఈ పనికి వాడిన టేబుల్‌టాప్ మఫుల్ ఫర్నేస్ (కరెంటుతో వేడెక్కే, మూసిన పెట్టె లాంటి కొలిమి) గురించీ, అసలు ఈ పద్ధతి గురించీ కలిపి రాస్తున్నాను. కంపెనీ పేరు చెప్పను, తిట్టాల్సింది కాస్త ఉంది.

ముందు పద్ధతి సంగతి. జిడ్డు పళ్ళెంలో నీళ్లు పోస్తే పరుచుకోకుండా బొట్లు బొట్లుగా విడిపోతాయి చూడండి, గాజు మీద బంగారం కూడా అంతే. చల్లగా ఉన్నప్పుడు కదల్లేక పొరలా పడి ఉంటుంది, వేడి తగిలితే ముడుచుకుపోతుంది. కొత్తగా చేరిన ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న ఒకటుంది: బంగారం 1064 డిగ్రీల దగ్గర కదా కరిగేది, మీరు 550 దగ్గరే ఎలా చేస్తున్నారు అని. కరిగించడం లేదు. పొర పలచన కాబట్టి ఉపరితలం మీది పరమాణువులు ఆ వేడికే జరుగుతాయి. మొదట అక్కడక్కడా చిల్లులు పడతాయి, చిల్లుల అంచులు లావెక్కుతాయి, ఆ అంచులు తెగి గుళికలవుతాయి. లోహం మొదటినుంచి చివరిదాకా ఘనపదార్థమే. ఇది కొత్త విషయమేమీ కాదు. గాజు మీద బంగారు రేకును వేడి చేస్తే దాని ఆకుపచ్చ రంగు పోతుందని 1857లోనే మైకేల్ ఫారడే రాశాడు.

బంగారం అనగానే ఖర్చు అని భయపడతారు. స్లైడ్ 25 మిల్లీమీటర్ల వెడల్పు, 75 పొడుగు. దాని మీద 5 నానోమీటర్ల పొర అంటే 0.2 మిల్లీగ్రాములు కూడా ఉండదు, లెక్క వేసి చూడండి. మాది పాత థర్మల్ ఎవాపరేటర్ (బెల్ జార్ అనే గంట ఆకారపు మూత కింద గాలి తీసేసి, లోహాన్ని ఆవిరి చేసి పూసే యంత్రం) కాబట్టి టంగ్‌స్టన్ బోట్ అనే చిన్న తొట్టిలో 20 మిల్లీగ్రాముల తీగ వేస్తే ఎక్కువ భాగం బెల్ జార్ గోడలకే పోతుంది, అయినా భరించగలిగేదే. తీగ నగరత్‌పేటలో కొంటాను. 916 పనికిరాదు, రాగి కలిసి ఉంటుంది, 24 క్యారెట్ కావాలి. మొదటిసారి వెళ్లినప్పుడు కొట్టాయన తూచి, "ముక్కుపుడకకి కూడా రాదు కదమ్మా ఇది, ఏం చేస్తావు?" అన్నాడు. ఆవిరి చేస్తానంటే నవ్వాడు. ఇప్పుడు నన్ను చూడగానే "ఆవిరి మేడమ్" అంటాడు.

ఇక ఫర్నేస్. రవాణాతో కలిపి 58,000 పడింది. కాగితం మీద 1100 డిగ్రీలు, పీఐడీ కంట్రోలర్ (వేడిని తనంతట తానే సర్దేది), ప్రోగ్రామ్ పెట్టుకునే వీలు. మేము నిమిషానికి 5 డిగ్రీల చొప్పున పెంచి, 550 దగ్గర గంట ఉంచి, తలుపు తీయకుండా దానంతట అదే చల్లారనిస్తాం. మొదటి ఆరు నెలలు ఫలితాలు ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు లేవు. ఒకే బ్యాచ్‌లో ఒక స్లైడ్ లేత రోజా రంగులో, పక్కది నేరేడుపండు తిన్న నాలుక రంగులో. పూత తప్పేమో అనుకుని ఎవాపరేటర్‌ని విప్పి మళ్లీ బిగించాను, దండగ. ఒకరోజు మా జూనియర్ అమ్మాయి స్లైడ్ చేతిలో పట్టుకొచ్చి, "అక్కా, ఇది అప్పడంలా వంగింది చూడు" అంది. 550 దగ్గర మామూలు స్లైడ్ అంతలా వంగకూడదు. అప్పుడు అనుమానం వచ్చి ఎస్.పి. రోడ్డులో ఒక కె టైప్ థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగ) కొనుక్కొచ్చి లోపల మూడు చోట్ల పెట్టి చూశాను. డిస్‌ప్లే 550 చూపిస్తుంటే వెనక గోడ దగ్గర 572, తలుపు దగ్గర 531. నలభై డిగ్రీల తేడా! కంపెనీకి ఫోన్ చేస్తే, "మేడమ్, సెన్సర్ ఉన్నచోట కరెక్టే కదా" అన్నారు. ఆ మాట నిజమే, అదే నా బాధ.

దానికి మందు మేమే వేసుకున్నాం. మందపాటి అల్యూమినా (వేడికి తట్టుకునే పింగాణీ లాంటిది) పలక ఒకటి మధ్యలో పరిచి, దాని మీదే స్లైడ్లన్నీ ఆనేలా పెడుతున్నాం. బ్యాచ్‌కి నాలుగే, వెనక మూల ఖాళీ. అప్పటినుంచి స్పెక్ట్రోమీటర్‌లో శిఖరం (గుళికలు కాంతిని ఎక్కువగా పీల్చుకునే తరంగదైర్ఘ్యం) 540 నానోమీటర్ల చుట్టుపక్కలే పడుతోంది, స్లైడ్లు వంగడమూ ఆగింది. కంట్రోలర్ తన సెట్టింగులు తానే సరిచేసుకునే ఆటోట్యూన్ చేయించాక టెంపరేచర్ పైకి దూకడం కూడా తగ్గింది. కరెంటు పోయి వస్తే మాత్రం ప్రోగ్రామ్ మొదటికి వెళ్లిపోతుంది. బంగారానికి దానివల్ల పెద్ద నష్టం లేదు, ఒకసారి గుళికలయ్యాక ఇంకో గంట కాగినా పెద్దగా మారదు.

నిజంగా ఏడిపించేది గాజు. నా దగ్గర ఒక స్లైడ్ ఉంది, కొత్తవాళ్లకి ముందు అదే చూపిస్తాను. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే రోజా రంగు పొరలో మూలన ఒక బొటనవేలి ముద్ర, గీతలతో సహా, ముదురు ఊదాలో. ఆ వేలు నాదే. పూత వేయకముందు గ్లౌజ్ లేకుండా ఒక్కసారి ముట్టుకున్నాను, కంటికి ఏమీ కనబడలేదు, కాల్చాక బయటపడింది. ఇప్పుడు సబ్బునీళ్లు, అసిటోన్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, డీఐ వాటర్ (లవణాలు తీసేసిన నీళ్లు), ఒక్కోటి పది నిమిషాలు సోనికేటర్‌లో (శబ్ద తరంగాలతో కడిగే తొట్టి), తరువాత నైట్రోజన్‌తో ఆరబెట్టడం. పిరానా (సల్ఫ్యూరిక్ యాసిడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపింది) కూడా వాడొచ్చు గానీ దాని టెన్షన్ మాకొద్దు.

ఇంకో తిరకాసు అంటుకోవడం. బంగారానికి గాజు మీద పట్టు తక్కువ. 300 దగ్గర కాల్చిన స్లైడ్ మీద సెల్లో టేప్ వేసి లాగితే రంగంతా టేప్‌కే వచ్చేసింది. క్రోమియం అడుగుపూత వేస్తే పట్టు వస్తుంది, కానీ అప్పుడు పొర గుళికలుగా విడిపోవడానికి మొరాయిస్తుంది. 550 దాటితే మామూలు గాజు కొద్దిగా మెత్తబడి గుళిక అందులోకి ఇంత దిగుతుంది, టేప్‌కి లొంగదు. మరీ దిగితే సెన్సర్‌కి పనికొచ్చే పైభాగం తగ్గిపోతుంది. ఈ బేరం ఎక్కడ తెగుతుందో ఎవరి స్లైడ్లకి వాళ్లు చూసుకోవాల్సిందే.

మందం విషయంలో ఆశకి పోవద్దు. 5 నానోమీటర్ల పొరనుంచి మాకు ముప్పై, నలభై నానోమీటర్ల గుళికలు వస్తున్నాయి. 10 వేస్తే వంద దాటి వంకరటింకరగా తయారయ్యాయి, 20 వేస్తే వానపాముల్లా మెలికలు. సైజంతా ఒకేలా కావాలంటే ఈ పద్ధతి మీకు కాదు, ద్రావణంలో చేసుకోండి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫోటోలకి బయటి ల్యాబ్‌కి ఇస్తాం. గాజు కరెంటును పోనివ్వదు కాబట్టి మొదటిసారి అక్కడి టెక్నీషియన్ ఎంతో మర్యాదగా, "శాంపిల్‌కి గోల్డ్ కోటింగ్ చేసేయమంటారా?" అని అడిగాడు. వద్దు బాబూ అని పరిగెత్తాను. కార్బన్ పూత చాలు.

వెండి చవక, రంగు చక్కటి పసుపు, శిఖరం 400 పైచిలుకు. కానీ ఇంట్లో పట్టీలు నల్లబడ్డట్టే ఇదీ బయట వదిలేస్తే రెండు వారాల్లో మసకబారుతుంది. అంతకంటే మోసం ఇంకోటి. ఒకసారి పాడైన స్లైడ్‌ని నైట్రిక్ యాసిడ్‌తో తుడిస్తే పసుపు పోలేదు. వెండి గాజులోకి దిగిపోయింది, గాజులోని సోడియం బయటికొచ్చి దాని చోట్లో ఇది కూర్చుంది. యూరప్‌లో పాత చర్చి కిటికీలకి పసుపు రంగు వేసింది ఈ కిటుకుతోనే. వాళ్లకి అది కళ, మాకు తప్పు రీడింగు. వెండికి ఇప్పుడు 300 దాటట్లేదు.

ఫర్నేస్‌కి అయిదుకి మూడిస్తాను, పద్ధతికి నాలుగు. ఈ నాలుగేళ్లలో కాయిల్ ఒకసారి పోయింది, తలుపు చుట్టూ ఫైబర్ రెండుసార్లు మార్చాను. కొనాలనుకునేవాళ్లు కేటలాగ్ చూసి డబ్బు కట్టకండి. పీణ్య వైపు తయారుచేసేవాళ్లు చాలామంది ఉన్నారు, నేరుగా షెడ్డుకే వెళ్లండి. మీ థర్మోకపుల్, మీ మీటరు వెంట తీసుకెళ్లండి. 550 పెట్టించి గంట ఆగి, ముందు, మధ్య, వెనక కొలవండి. టీ తెప్పిస్తారు, తాగుతూ కూర్చోండి.