కథ పండే ఆట ఏది: వైకుంఠపాళా, పులిజూదమా, అష్టాచెమ్మానా?

సొంతంగా బోర్డ్ గేమ్ తయారు చేస్తున్న గుంటూరు, విజయవాడ కాలేజీ పిల్లలు ఈమధ్య తరచూ ఒకటే అడుగుతున్నారు. ఆట ఒక కథలా సాగాలంటే మన పాత ఆటల్లో దేన్ని పునాదిగా పెట్టుకోవాలి? చాలామంది ఠక్కున వైకుంఠపాళి అంటారు. నేను అనను.

వైకుంఠపాళిలో కథ పటం మీదే ఉంది. పాపాలు, పుణ్యాలు, పైన వైకుంఠం. పైవరుసలో పెద్ద పాము ముందు నిలబడ్డప్పుడు టెన్షన్ మామూలుగా ఉండదు. అయితే అక్కడ ఆడేవాళ్లు నిర్ణయించేది ఏమీ లేదు, పందెం ఎంత పడితే అంత జరగడమే. నా దృష్టిలో అసలు తేడా ఇక్కడే వస్తుంది. మలుపు ఎవరో ఒకరి నిర్ణయం వల్ల రావాలి, అదీ ఆట చివర్లో రావాలి.

పులిజూదంలో నిర్ణయాలన్నీ మనవే. 3 పులులు, 15 మేకలు. మేకలన్నీ ఒక్కొక్కటిగా దిగేదాకా ఏ మేకా కదలకూడదు, పులులు మాత్రం ఈలోగా వేటాడుతుంటాయి. ఆ తర్వాత మేకలు కూడబలుక్కుని పులిని కట్టేయడం చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. కథకు ఇంతకన్నా మంచి ఎత్తుగడ ఉండదు. ఒక్కటే లోటు. తొందరపాటులో నాలుగైదు మేకలు పోతే ఫలితం అప్పుడే తెలిసిపోతుంది, మిగతాదంతా సాగదీతే. పైగా ఇద్దరే ఆడాలి.

అష్టాచెమ్మా గీసి చూడండి. మొత్తం 25 గడులు: బయటి చుట్టు 16, లోపలి చుట్టు 8, నడుమ ఒకటి. బయటి చుట్టులో అడ్డగీతల గడులు నాలుగున్నాయి, అక్కడ కాయను చంపకూడదు. లోపలి ఎనిమిది గడుల్లో అలా తలదాచుకునే చోటు ఒక్కటీ లేదు. పండే గడికి దగ్గరయ్యేకొద్దీ ప్రమాదం పెరుగుతుందన్నమాట. చాలా ఇళ్లలో ఇంకో నియమం కూడా ఉంది: ఎదుటివాళ్ల కాయను ఒక్కదాన్నైనా చంపితేనే లోపలికి దారి. కాబట్టి ఎవరూ తమ దారిన తాము గెలవలేరు, తగువు పెట్టుకోవాల్సిందే. గవ్వలు ఎంత పడతాయో మన చేతిలో లేదు, ఏ కాయ నడపాలో మన చేతిలోనే ఉంది. ఒకసారి సంక్రాంతికి గుంటూరు బ్రాడీపేటలో మా ఇంట్లో ఆడుతుంటే అమ్మకు రెండు పడింది. ఆ రెండుతో తన కాయ పండేది. అది వదిలేసి, పండబోతున్న పిన్ని కాయను చంపింది. మా ఇంట్లో ఆ ఆట గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. పాము మింగిన ఆటల్లో ఒక్కటీ ఎవరికీ గుర్తులేదు.

కథను కార్డుల మీద రాసిచ్చే పద్ధతీ ఉంది, రెండోసారికి గుట్టు తెలిసిపోతుంది. 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి, తలా ఒక పాత్ర వేసుకుని ఆడే ఆటలు కథ నడిపే మనిషి నేర్పు మీద ఆధారపడతాయి. అందరూ ఒకే పక్షాన ఆడాలనుకుంటే మాత్రం 2008 నాటి పాండెమిక్ చూడండి, ఊళ్లకు పాకే జబ్బుల్ని అందరూ కలిసి ఆపే బోర్డ్ గేమ్ అది. ఎపిడెమిక్ కార్డు వచ్చినప్పుడల్లా అంతకుముందు జబ్బు సోకిన ఊళ్ల కార్డుల్నే కలిపి మళ్లీ కట్ట పైన పెడతారు, అంటే ముప్పు మళ్లీ ఆ ఊళ్లకే వస్తుంది.

పోటీ ఆటైతే అష్టాచెమ్మాతోనే మొదలుపెట్టండి. మీ బోర్డులో చివరి గడుల్లో దాక్కునే చోటు ఉంటే ముందు దాన్ని తీసేసి ఆడి చూడండి. కథ కోసం బొమ్మలూ పేర్లూ ఆ తర్వాత వేసుకోవచ్చు.