మా షెడ్డు మాన్యువల్‌ను ఏడు పుస్తకాలు చేసిన పర్లాకిమిడి బైండింగ్ షాపు

పాతపట్నం దారిలోని మా షెడ్డులో ఒక డీజిల్ వ్యాను రిపేరు మాన్యువల్ ఉంది. పదకొండు వందల పేజీల ఆ పుస్తకం రెండున్నర కిలోల పైనే తూగుతుంది. బ్రేకుల అధ్యాయం తీసి పానా చేతిలోకి తీసుకునేలోగా అది తనంతట తానే మూసుకుపోయేది. ఒకరు పుస్తకం పట్టుకుని నిలబడితే మరొకరు బోల్టు బిగించేవారు.

ఒడిశా పట్టణం పర్లాకిమిడి బజారులోని ఒక చిన్న జెరాక్స్, బైండింగ్ షాపుకు దాన్ని తీసుకెళ్లాను. అక్కడి పెద్దాయన పుస్తకం బరువు చూడలేదు, అంచుల మీది గ్రీజు మరకలు చూశారు. "బాబూ, ముందు మీరు ఎక్కువగా తిరగేసే కాగితాలేవో చెప్పండి, మిగతావి తర్వాత చూద్దాం" అన్నారు. ఆ ఒక్క మాటతోనే పని సగం తేలిపోయింది. ఇంజను, క్లచ్-గేరుబాక్సు, బ్రేకులు, స్టీరింగు-సస్పెన్షను, కూలింగు, వైరింగు, బాడీ అని ఏడు పుస్తకాలుగా విడదీసి, ఒక్కొక్కదానికి ఒక్కో రంగు అట్ట వేసి స్పైరల్ చేశారు. మా కుర్రాళ్లలో ఇద్దరికి ఒడియా తప్ప ఇంగ్లీషు అంతగా చదవడం రాదు. ఇప్పుడు "ఎర్ర అట్ట తే" అంటే బ్రేకుల పుస్తకమే వస్తుంది.

పేజీల నంబర్లు మార్చుదామని నేనంటే ఆయన వద్దన్నారు. ఒక అధ్యాయంలో "ఫలానా పేజీ చూడండి" అని ఉంటే పాత నంబరుతోనే దొరకాలి కదా అని, ఏడింటికీ ముందు అసలు విషయసూచిక జెరాక్స్ చేర్చారు. సిలిండర్ హెడ్డు బోల్టులను మధ్య నుంచి బయటికి, ఏ వరుసలో, ఎంత టార్కుతో (తిప్పే బలంతో), ఎన్ని విడతల్లో బిగించాలో చెప్పే పట్టికను విడిగా లామినేషన్ చేయించి మేకుకు తగిలించాము. గ్రీజు అంటినా గుడ్డతో తుడిస్తే పోతుంది. మొత్తం ఖర్చు తొమ్మిది వందల రూపాయలు దాటలేదు.

లోపం వైరింగు పుస్తకంలో జరిగింది. మడత విప్పి చూడవలసిన పెద్ద పటాలను మడతతోనే కటింగ్ మెషిన్ కింద పెట్టడంతో, మూడు పటాలు ముక్కలయ్యాయి. టేపు అంటించినా తీగల గీతలు కలవలేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అనే పొగ కాలుష్య నిబంధనలు వచ్చాక సెన్సర్లు పెరిగిన బండ్లకు ఈ పటాలే ప్రాణం. పెద్దాయన తప్పు ఒప్పుకుని, నేను మరో మెకానిక్కు దగ్గర తెచ్చిన ప్రతి నుంచి వాటిని ఏ3 కాగితం మీద తీసి, ఆ పుస్తకానికి డబ్బు తీసుకోలేదు. మూడు రోజులన్న పని మాత్రం రథయాత్ర అడ్డొచ్చి తొమ్మిది రోజులు పట్టింది. నాలుగు నెలలకే ఇంజను పుస్తకం స్పైరల్ కొస విడిపోయి చొక్కా చేతులకు తగులుకుంటోంది, మళ్లీ వేయించాలి.

మీరు ఇక్కడ పని చేయించుకుంటే మడత పటాలను ముందే వేరు చేసి కవరులో పెట్టించండి, రథయాత్ర రోజుల్లో మాత్రం ఇవ్వకండి.